బాల్సా కర్ర విమానం

గాలిపటం అందరికీ తెలుసు. రెండు వెదురు పుల్లలు, ఒక పలచని కాగితం, కాస్త జిగురు. అంతే. పుల్ల లావైతే పటం లేవదు. ఒక పక్క బరువైతే గింగిరాలు కొట్టి నేలమీద పడుతుంది. ఈ సంగతి పదేళ్ళ పిల్లవాడికి కూడా తెలుసు. ఎవరూ పాఠం చెప్పలేదు. పటాలు చేసి, చింపుకొని నేర్చుకున్నాడు.

దారం లేకుండా ఎగిరేది ఇంకొకటి ఉంది. అది బాల్సా అనే కర్రతో చేసే చిన్న విమానం. రెక్క కొస నుంచి కొసకు ఒక మూర ఉంటుంది. పెట్రోలు అక్కర్లేదు. బ్యాటరీ అక్కర్లేదు. మెలితిప్పిన రబ్బరు పట్టీయే దీని ఇంజను. ముందున్న పంకాను రబ్బరు తిప్పుతుంది. పంకా గాలిని వెనక్కి తోస్తుంది. విమానం ముందుకు పోతుంది.

అమెరికాలో, ఇంగ్లండులో, జపానులో పిల్లలూ పెద్దలూ కలిసి ఇలాంటివి చేస్తారు. పోటీలు కూడా పెట్టుకుంటారు. మన దేశంలో ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు నమూనా విమానాలు చేయడం నేర్పుతారు.

ఇంతా చేసి దీని తూకం ఎంత? 20 నుంచి 25 గ్రాములు. ఇప్పటి 5 రూపాయల బిళ్ళలు నాలుగు చేతిలో పెట్టుకుంటే ఎంతో, సుమారు అంత. ఆ తూకం దాటకుండా కట్టడంలోనే ఉంది పనితనమంతా.

ఆటబొమ్మ నుంచి అసలు విమానం

మనిషి ఎక్కే విమానం కంటే రబ్బరు విమానమే ముందు పుట్టింది. ఫ్రాన్సు దేశంలో అల్ఫోన్స్ పెనో అనే యువకుడు ఉండేవాడు. 1871 ఆగస్టు 18న పారిస్ నగరంలోని ఒక తోటలో అతను రబ్బరుతో నడిచే చిన్న విమానం ఎగరేశాడు. అది 11 సెకన్లు గాలిలో ఉంది. దాని తూకం 16 గ్రాములే.

సరిగ్గా ఆ మర్నాడు అమెరికాలో ఒక పిల్లవాడు పుట్టాడు. అతని పేరు ఆర్విల్ రైట్. 1878లో ఆర్విల్‌కూ, అతని అన్న విల్బర్‌కూ తండ్రి ఒక బొమ్మ తెచ్చి ఇచ్చాడు. వెదురు, బెండు, కాగితంతో చేసిన బొమ్మ అది. రబ్బరు తిప్పి వదిలితే ఇంటి కప్పు దాకా లేచేది. అలా రబ్బరుతో తిప్పే పద్ధతి పెనోదే. అన్నదమ్ములు ఆ బొమ్మ విరిగిపోతే మళ్ళీ తామే చేసుకున్నారు. 1903 డిసెంబరు 17న ఆ అన్నదమ్ములే మనిషి ఎక్కే విమానం నడిపారు. మొదటిసారి అది ఎంతసేపు ఎగిరింది? 12 సెకన్లు. పెనో బొమ్మ కంటే ఒక్క సెకను ఎక్కువ!

తెప్ప కర్ర

బాల్సా చెట్టు మన చెట్టు కాదు. దక్షిణ అమెరికాలో ఈక్వడార్ అనే దేశం ఉంది. ప్రపంచానికి కావలసిన బాల్సాలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వస్తుంది. చెట్టు మనది కాకపోయినా చుట్టం మన దగ్గర ఉంది. బాల్సా చెట్టు మన బూరుగు కుటుంబానిదే. దాని కాయ పగిలితే బూరుగు కాయలో లాగే దూది వస్తుంది.

ఈ చెట్టు చాలా తొందరగా పెరుగుతుంది. ఆరేడేళ్ళకే కోతకు వస్తుంది. అప్పుడు దాని నిండా నీరే. కొట్టిన కర్రను వేడి గదుల్లో పెట్టి ఆరబెడతారు. నీరంతా పోయాక గాలి నిండిన గుల్ల మిగులుతుంది. ఒక లీటరు నీళ్ళు కేజీ తూగుతాయి కదా. అంతే పరిమాణం గల టేకు ముక్క సుమారు 650 గ్రాములు తూగుతుంది. బాల్సా ముక్క 150 గ్రాములు తూగుతుంది. గోరుతో నొక్కితే సొట్ట పడుతుంది. అయినా నిలువు పాటున లాగితే తొందరగా తెగదు.

స్పానిష్ భాషలో బాల్సా అంటే తెప్ప. అక్కడి జనం పూర్వం ఈ దుంగలతోనే తెప్పలు కట్టేవారు. 1947లో థోర్ హెయెర్డాల్ అనే నార్వే దేశస్తుడు, మరో అయిదుగురు తొమ్మిది బాల్సా దుంగల తెప్ప కట్టుకొని పెరూ నుంచి సముద్రం మీద బయలుదేరారు. 101 రోజులు తేలుతూ పసిఫిక్ సముద్రంలోని ఒక దీవి చేరారు. ఆ తెప్ప పేరు కోన్ టికి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాళ్ళు మస్కిటో అనే యుద్ధ విమానం చేశారు. దాని గోడల్లో పలచని చెక్క పొరల మధ్య బాల్సా పెట్టారు. ఇప్పుడు కరెంటు తీసే పెద్ద గాలిమరల రెక్కల్లో కూడా ఈ కర్ర వాడతారు. అనంతపురం వైపు కొండల మీద కనిపించేవి అలాంటి గాలిమరలే. 2020 ప్రాంతంలో గాలిమరల కోసం గిరాకీ పెరిగి బాల్సా ధర బాగా పెరిగింది. బొమ్మ విమానాలు చేసుకునే వాళ్ళకు ఆ దెబ్బ తగిలింది.

ఏది ఎంచుకోవాలి

నమూనా విమానాలు డబ్బాల్లో వస్తాయి. డబ్బాలో ప్లాను, కర్ర పలకలు, పుల్లలు, కాగితం, పంకా, రబ్బరు ఉంటాయి. కొత్తవాళ్ళు డబ్బా మీది బొమ్మ చూసి ఆశపడతారు. యుద్ధ విమానం కావాలంటారు. దానికి వంపులెక్కువ, ముక్కలెక్కువ. నెల రోజులు కూర్చుని కట్టినా గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. మొదటిసారికి సాదా విమానమే మంచిది. మొండెం పెట్టెలాగా నాలుగు పలకలుగా ఉండాలి. రెక్క మొండెం పైన ఉండాలి. రెక్క అడుగు భాగం చదునుగా ఉండాలి. చూడటానికి అందంగా ఉండదు. కానీ ఎగురుతుంది.

పనిముట్లు ఇంట్లో ఉన్నవే. కొత్త బ్లేడు, గుండుసూదులు, ఉప్పు కాగితం, అడుగు బద్ద, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు. సూదులు దిగే మెత్తని చదును పలక ఒకటి కావాలి. పలక వంకరగా ఉంటే విమానం కూడా వంకరగానే వస్తుంది. బ్లేడు మొండిదైతే బాల్సా తెగదు, నలుగుతుంది. ఒక్క పోటుతో కోయకూడదు. మెల్లగా రెండు మూడు గీతలు గీస్తే అదే తెగుతుంది. వేళ్ళు బ్లేడుకు ఎదురుగా పెట్టవద్దు.

ప్లాను మీద కట్టడం

ప్లాను అంటే విమానం ఎంత ఉంటుందో అంతే గీసిన బొమ్మ. ఇల్లు కట్టే మేస్త్రీ ప్లాను చూసి కొలతలు వేసుకుంటాడు. ఇక్కడ కొలత కూడా అక్కర్లేదు. ప్లాను మీదనే పుల్లలు పరిచి అతికించాలి. ప్రతి ముక్కకూ ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి. పలక మీద ఉన్న అంకె, ప్లాను మీద ఉన్న అంకె ఒకటేనా అని చదివి చూసుకోవాలి. ముక్కలన్నీ ఒకేసారి కోసి కుప్ప పోస్తే ఏది ఏదో తెలియదు.

ముందు ప్లానును పలక మీద పరవాలి. దాని మీద పలచని ప్లాస్టిక్ కాగితం వేయాలి. లేకపోతే జిగురు అంటుకొని ప్లానూ విమానమూ ఒకటైపోతాయి. పుల్లకు అటూ ఇటూ సూదులు గుచ్చి నిలబెట్టాలి. పుల్ల మధ్యలో గుచ్చితే చీలుతుంది.

పూరింటి కప్పుకు దూలం ఉంటుంది, వాసాలు ఉంటాయి. విమానం రెక్క కూడా అంతే. పొడవునా ముందొక పుల్ల, వెనకొక పుల్ల. వాటి మధ్య అడ్డంగా పక్కటెముకల్లాంటి పలచని ముక్కలు. ఆ పక్కటెముకల పై అంచు వంపుగా ఉంటుంది. రెక్కను గాలి పైకి లేపడానికి ఆ వంపు తోడ్పడుతుంది.

మొండెానికి రెండు పక్కలు కావాలి. రెండూ ఒకే ప్లాను మీద, ఒకదాని మీద ఒకటి కడతారు. అప్పుడు రెండూ ఒకేలా వస్తాయి. ఇక్కడొక కిటుకు ఉంది. పుల్లలన్నీ చూడటానికి ఒకటే. కానీ ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా ఉంటుంది. అటూ ఇటూ వంచి చూసి, ఒకే తీరు పుల్లలు రెండు పక్కలకూ వాడాలి. ఒక పక్క మెత్తనిది, ఒక పక్క గట్టిది పెడితే మొండెం అరటికాయలా వంగిపోతుంది.

జిగురు దగ్గరే కొత్తవాళ్ళు దెబ్బ తింటారు. ఎక్కువ పెడితే గట్టిగా ఉంటుందని అనుకుంటారు. అది నిజం కాదు. రెండు ముక్కలూ చక్కగా ఆనుకుంటే అగ్గిపుల్ల కొసతో పెట్టిన చుక్క చాలు. ముక్కల మధ్య సందు ఉంటే ఎంత జిగురు పోసినా అది బలం కాదు, బరువు. ముక్క పొట్టిదైతే దాన్ని పారేసి ఇంకొకటి కోసుకోవాలి. జిగురు పూర్తిగా ఆరేదాకా సూదులు తీయకూడదు. రాత్రి అతికించి పొద్దున తీయడం మేలు.

బరువు ఎక్కడ పెరిగిందన్నది కూడా ముఖ్యమే. మొండెం ముక్కు పొట్టిగా ఉంటుంది, తోక పొడుగ్గా ఉంటుంది. తక్కెడలో ఒక కాడ పొడుగ్గా ఉంటే ఏమవుతుంది? అక్కడ కొంచెం పెట్టినా అటే వాలుతుంది. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే సరిచేయడానికి ముక్కులో సుమారు మూడు గ్రాములు పెట్టాలి. ఒక గ్రాము తప్పుకు నాలుగు గ్రాముల శిక్ష. అందుకే ఉన్నవాటిలో తేలికైన కర్ర తోకకు పెడతారు.

రెక్క కట్టాక దాని రెండు కొసలూ కాస్త పైకి లేచేలా మధ్యలో అతికించాలి. ఎంత లేపాలో ప్లాను మీద ఉంటుంది. ఇది అందం కోసం కాదు. విమానం ఒక పక్కకు ఒరిగి జారినప్పుడు కిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ ఆనుతుంది. అది లేచి విమానం మళ్ళీ సమంగా వస్తుంది. లోపల తిప్పే మనిషి లేడు కదా. ఈ వంపే ఆ పని చేస్తుంది.

చివరగా అంతా ఉప్పు కాగితంతో మెల్లగా రుద్దాలి. జిగురు బొట్లు, గరుకులు ఏవీ మిగలకూడదు. కాగితం తొడిగాక ప్రతి బొట్టూ కురుపులా కనిపిస్తుంది. ఈ దశలో విమానం చేతిలో ఉందో లేదో తెలియనంత తేలికగా ఉంటుంది. ఎండిన చేప ముల్లులా కనిపిస్తుంది. గట్టిగా పట్టుకుంటే విరుగుతుంది.

కాగితం తొడగడం

దీనికి వాడేది ముఖం తుడుచుకునే టిష్యూ కాదు. నోటు పుస్తకం కాగితమూ కాదు. జపాను నుంచి వచ్చే ఒక రకం పలచని కాగితం ఉంది. చదరపు మీటరుకు సుమారు 12 గ్రాములే తూగుతుంది. జిరాక్సు తీసే కాగితం 80 గ్రాములు తూగుతుంది. అంటే ఆరు రెట్లకు పైనే. ఈ జపాను కాగితం రంగుల్లోనే వస్తుంది. కాబట్టి మళ్ళీ రంగు వేయనక్కర్లేదు. రంగు కూడా బరువే.

బట్టకు పడుగు, పేక ఉన్నట్టు ఈ కాగితానికి కూడా ఒక దిక్కు ఉంటుంది. ఒక ముక్క చింపి చూస్తే తెలుస్తుంది. ఒక వైపు చింపితే తిన్నగా చిరుగుతుంది. ఇంకో వైపు చింపితే వంకరగా పోతుంది. తిన్నగా చిరిగే దిక్కు రెక్క పొడవు వెంట ఉండాలి. అలా పెడితే పక్కటెముకల మధ్య కాగితం కుంగడం తగ్గుతుంది.

ముందు రెక్క అడుగు భాగం తొడగాలి. తర్వాత పైభాగం. కాగితం రెక్క కంటే రెండు వేళ్ళు ఎక్కువగా కోసుకోవాలి. తెల్ల జిగురులో కాస్త నీళ్ళు కలిపి, చుట్టూ ఉన్న అంచు పుల్లలకు మాత్రమే పలచగా రాయాలి. అడుగు చదునుగా ఉంటే పక్కటెముకలకు రాయనక్కర్లేదు. కాగితం పరిచి, ముడతలు పోయేలా అంచుల దగ్గర మెల్లగా లాగాలి. లాగుడు ఎక్కువైతే పుల్లే వంగుతుంది. పైభాగాన్ని కుడి రెక్కకు ఒక ముక్క, ఎడమ రెక్కకు ఒక ముక్కగా తొడగాలి. మధ్యలో వంపు ఉంది కదా, ఒకటే ముక్క వేస్తే ముడత పడుతుంది. ఆరాక మిగిలిన అంచును కొత్త బ్లేడుతో కోసేయాలి.

అప్పటికీ అక్కడక్కడ ముడతలు ఉంటాయి. కంగారు పడనక్కర్లేదు. ఇప్పుడు నీళ్ళు చిలకరించాలి. ఇస్త్రీ బట్ట మీద చల్లినట్టు కాదు. మంచు పడ్డట్టు సన్నని తుంపర చాలు. తడిసిన కాగితం మొదట ఇంకా వదులవుతుంది. పాడైపోయిందని అనిపిస్తుంది. కానీ ఆరుతున్న కొద్దీ బిగుసుకుంటుంది. డప్పు తోలును మంటకు కాస్తే ఎలా బిగుస్తుందో అలా. వేలితో మెల్లగా మీటితే టకటకమని మోగుతుంది. పుల్లలకు లేని బలం ఈ బిగువుతో వస్తుంది. చేప ముల్లులా ఊగిన రెక్క ఇప్పుడు పలకలా నిలబడుతుంది.

ఈ బిగువే ప్రమాదం కూడా. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ లాగితే రెక్క మెలితిరుగుతుంది. వారం రోజుల పని ఒక గంటలో వంకరపోతుంది. మెలి తిరిగిన రెక్క తిన్నగా ఎగరదు. అందుకని తడి ఆరేదాకా రెక్కను పలక మీద సూదులతో నిలిపి ఉంచాలి. కింద కూడా గాలి ఆడేలా చిన్న ముక్కలు ఆధారం పెట్టాలి. మొదట సగం, అది ఆరాక ఇంకో సగం చేసుకోవచ్చు. అయినా మెలి తిరిగిందా? గిన్నెలో నీళ్ళు మరగబెట్టి ఆవిరి పట్టాలి. రెక్కను ఎదురు దిక్కుకు కాస్త వంచి, చల్లారేదాకా అలాగే పట్టుకోవాలి. చేయి కాలకుండా చూసుకోవాలి.

వానాకాలంలో గాలిలో తేమకు కాగితం మళ్ళీ వదులవుతుంది. అలా కాకుండా డోపు అనే ద్రవం పూస్తారు. పూర్వం అసలు విమానాల రెక్కలకు నార గుడ్డ తొడిగి ఇదే రకం ద్రవం పూసేవారు. చిన్న విమానానికి డోపు సగం, తిన్నర్ సగం కలిపి ఒక పూత వేస్తే చాలు. డోపు కాగితాన్ని ఇంకా లాగుతుంది. ఆ లాగుడు మితిమీరకుండా అందులో కలిపేది ఏమిటో తెలుసా? ఆముదం! పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే. కొద్ది చుక్కలు చాలు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి చాలా విమానాల ఇంజన్లలో కూడా ఆముదమే పోసేవారు.

డోపుతో జాగ్రత్త. అది పెట్రోలులా భగ్గున అంటుకుంటుంది. దగ్గరలో దీపం, పొయ్యి, బీడీ ఉండకూడదు. దాని వాసన తల తిప్పుతుంది. తలుపులు మూసిన గదిలో పూయవద్దు. చిన్న పిల్లల చేతికి ఇవ్వవద్దు. కొత్తవాళ్ళు డోపు లేకుండా నీటి తుంపరతోనే సరిపెట్టుకున్నా నష్టం లేదు.

ఎగరేయడం

ముందు తూకం చూడాలి. రెక్క ముందు అంచు నుంచి మూడో వంతు దూరంలో, రెండు పక్కలా వేలి కొసలు ఆనించి విమానాన్ని లేపాలి. అది సమంగా నిలవాలి. తోక వాలితే ముక్కులో కాస్త బొమ్మల మట్టి పెట్టాలి.

గాలి లేని పొద్దున గాని, సాయంత్రం గాని గడ్డి నేలకు తీసుకుపోవాలి. రబ్బరు తిప్పకుండా ముందు ఉత్తిగా వదిలి చూడాలి. బంతి విసిరినట్టు విసరకూడదు. ముక్కు కాస్త కిందికి ఉంచి, ముందుకు తోసి వదలాలి. మెల్లగా జారుతూ పది పదిహేను అడుగులు పోతే మంచిదే. ముక్కు లేచి, ఆగి, దబ్బున పడితే ముక్కులో మట్టి ఇంకాస్త పెట్టాలి. నేరుగా నేలకు గుచ్చుకుంటే మట్టి కాస్త తీయాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. రెండు మూడు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు.

తర్వాత రబ్బరు. మొదట 50 చుట్లు, తర్వాత 100. ఒకేసారి నిండా తిప్పి వదిలితే ఏ చిన్న తప్పున్నా విమానం విరుగుతుంది. పంకా తిరిగేటప్పుడు దాని ఊపుకు విమానం ఎడమకు ఒరుగుతుంది. అందుకే పంకాను తిన్నగా కాక కాస్త కుడికి, కాస్త కిందికి చూసేలా అమరుస్తారు. దానికి అగ్గిపుల్ల చెక్కు ఒకటి అడ్డం పెడితే చాలు. చుట్లు పెరిగాక రబ్బరు తెగవచ్చు, పంకా వేలికి తగలవచ్చు. ముఖం దగ్గర పెట్టుకోవద్దు. రబ్బరుకు మెత్తని సబ్బు, గ్లిజరిన్ కలిపి రాస్తే చుట్లు ఎక్కువ పడతాయి. ఎండలో వదిలేస్తే రబ్బరు పాడవుతుంది.

కాగితం చిరిగితే బాధ లేదు. అదే రంగు ముక్క అతికించి, తుంపర చల్లితే సరి. పుల్ల విరిగితే అక్కడి కాగితం కోసి, పుల్ల అతికించి, మళ్ళీ తొడగాలి. విమానాలు బాగా ఎగరేసే వాళ్ళ రెక్కల మీద చూస్తే అన్నీ అతుకులే.

ఇంకొక సంగతి. ఎండకు నేల వేడెక్కితే అక్కడి గాలి పైకి లేస్తుంది. గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోయేది ఆ గాలిలోనే. బాల్సా విమానం కూడా అందులో పడితే రబ్బరు చుట్లు అయిపోయినా కిందికి రాదు. గద్దలాగే తిరుగుతూ చుక్కంత అయి, పొలాలు దాటి పోతుంది. అందుకే చాలామంది ఎగరేసే ముందు విమానం మీద తమ పేరు, ఊరు రాసి పెడతారు. తొడిగిన కాగితం మీద పెన్సిలు నొక్కితే చిరుగుతుంది. ముందే చిన్న ముక్క మీద రాసి, రెక్క కింద అంటించాలి. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా ఉండాలి. ఎక్కడో చేలో దొరికిన వాళ్ళు చదివి తెచ్చి ఇవ్వాలి కదా.